బాస్కెట్‌బాల్‌కు కావలసింది పది రౌండ్లు కాదు, పది సెకన్ల దమ్ము

భీమవరం: హైస్కూలు ఆవరణలో జరిగే బాస్కెట్‌బాల్ పోటీ ఏ వూరిదైనా చివరి పది నిమిషాల్లో కనిపించే దృశ్యం ఇంచుమించు ఒక్కటే. మొదటి క్వార్టరులో లేడిపిల్లల్లా ఉరికిన కుర్రాళ్లు నాలుగో క్వార్టరు వచ్చేసరికి నడుము మీద చేతులు వేసుకుని నిలబడిపోతారు. బంతి అవతలివాడి చేతికి చిక్కితే వెనక్కి పరుగెత్తే నాథుడుండడు. పొద్దుట వంద వేసినా తప్పని బంతి అప్పుడు రింగును కూడా తాకదు. చెట్టు నీడన కూర్చున్న పెద్దలు "బలం వుంది గానీ దమ్ము లేదురా" అని పెదవి విరుస్తారు. మర్నాడు తెల్లవారుతూనే డ్రిల్లు మాస్టారు జట్టు మొత్తాన్ని మైదానం చుట్టూ పది రౌండ్లు కొట్టిస్తారు. నెల గడుస్తుంది. ఆట మాత్రం మళ్లీ అక్కడే ఆగుతుంది.

లోపం కుర్రాళ్లలో లేదు. మాస్టార్ల పట్టుదలలోనూ లేదు. ఆట అడిగే దమ్ము ఒక రకమైతే, అలవాటు చేస్తున్న దమ్ము మరో రకం కావడమే అసలు చిక్కు. దుక్కి దున్నే ఎద్దుకూ, పందెంలో బండ లాగే ఎద్దుకూ ఒకే మేపు, ఒకే తర్ఫీదు ఇవ్వరని పశ్చిమ గోదావరి రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. మనుషుల విషయంలోనే ఆ సంగతి మరచిపోతున్నారు. విశేషమేమంటే బాస్కెట్‌బాల్ ఆటగాడిని పరుగెత్తించే ఇంధనం ఏమిటో లోకానికి తెలియజెప్పినవారిలో ముఖ్యుడు ఈ భీమవరంలో పుట్టినవాడే.

ఆట లెక్క ఏమిటి?

బాస్కెట్‌బాల్ 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో పుట్టింది. చలికాలంలో ఆరుబయట ఆడలేని విద్యార్థుల కోసం జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామోపాధ్యాయుడు పీచ్ పండ్ల బుట్టలు గోడకు కొట్టించి ఈ ఆటను కల్పించాడు. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌లో పురుషులకు, 1976లో మాంట్రియల్‌లో మహిళలకు ఈ ఆట పతకాల పోటీ అయింది. 1980లో మాస్కో ఒలింపిక్స్‌లో భారత పురుషుల జట్టు కూడా ఆడింది.

నేటి నిబంధనల ప్రకారం కోర్టు పొడవు 28 మీటర్లు, వెడల్పు 15 మీటర్లు. రింగు నేలకు 3.05 మీటర్ల ఎత్తున, అనగా 10 అడుగుల ఎత్తున వుంటుంది. ఒక్కొక్కటి 10 నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు. బంతి చేజిక్కిన జట్టు 8 సెకన్లలో సగం గీత దాటాలి, 24 సెకన్లలో రింగు మీదకు బంతి విసరాలి. ఈ అంకెలు చూస్తేనే ఆట స్వభావం తెలిసిపోతుంది. ఇది దూరం నడిచే బాటసారి ఆట కాదు. ఉరకడం, ఆగడం, తిరగడం, ఎగరడం, మళ్లీ ఉరకడం – ఇదే పని.

ఆస్ట్రేలియా పరిశోధకులు 1995లో అక్కడి పెద్ద పోటీల ఆటగాళ్లను గమనించి ఒక లెక్క ప్రకటించారు. ఒక్కో ఆటగాడు ఒక పోటీలో సుమారు 1000 సార్లు కదలిక మార్చాడు. అంటే సగటున ప్రతి 2 సెకన్లకు ఒకసారి. వాటిలో తీవ్రమైన పరుగులు సుమారు 105. ఒక్కో పరుగు సగటు నిడివి 2 సెకన్లు కూడా లేదు. అటువంటి పరుగు ఆట సాగుతున్న సమయంలో ప్రతి 21 సెకన్లకు ఒకటి వచ్చింది. ఆట సాగినంతసేపులో ఎక్కువ భాగం గుండె తన గరిష్ఠ వేగంలో 85 శాతానికి పైగానే కొట్టుకుంది.

కబడ్డీ ఆడినవారికి ఈ లెక్క కొత్తగా తోచదు. కూతకు వెళ్లినవాడికి వుండేది 30 సెకన్లు. ఆ కాస్త వ్యవధిలోనే ప్రాణమంతా పెట్టి ఆడి తిరిగి రావాలి. బాస్కెట్‌బాల్‌లో అటువంటి కూతలు ఒకదాని వెంట ఒకటి నలభై నిమిషాలు సాగుతాయి.

భీమవరం బిడ్డ కనిపెట్టిన ఇంధనం

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు పేరు మందుల చరిత్రలో ప్రసిద్ధం. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లి అక్కడే స్థిరపడి 1948లో న్యూయార్కులో కన్నుమూసిన ఆ మహనీయుని జ్ఞాపకార్థం 1995లో భారత తపాలా శాఖ స్టాంపు వెలువరించింది. అయితే ఆటల మైదానానికీ ఆయనకూ గల సంబంధం చాలామందికి తెలియదు.

బోస్టన్‌లోని హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేస్తూ సుబ్బారావు 1927లో కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కనుగొన్నారు. 1929లో ఆ ఇద్దరూ ఏటీపీ అని పిలిచే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను కూడా వెలికి తీశారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ అనే శాస్త్రజ్ఞుడు వేరుగా దానినే కనుగొన్నాడు. అంతకు ముందు కండరం బిగుసుకోవడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు తలచేవారు. ఆ అభిప్రాయం మారడానికి ఈ పరిశోధనలు దారి తీశాయి.

కండరం కదలాలంటే ఖర్చయ్యేది ఏటీపీ. అయితే కండరంలో అది నిల్వ వుండేది రెండు మూడు సెకన్ల పరుగుకు సరిపడా మాత్రమే. అది తరుగుతున్న కొద్దీ తక్షణం మళ్లీ తయారు చేసి ఇచ్చేది ఫాస్ఫోక్రియాటిన్. ఈ రెండూ కలిసి పూర్తి వేగంతో సుమారు 10 సెకన్లు నడిపిస్తాయి. రింగు కింద ఎగిరి బంతి అందుకోవడం, బంతి లాక్కుని అవతలి రింగుదాకా ఉరకడం – ఇవన్నీ ఆ నిల్వ మీద జరిగే పనులే.

జేబు, చేబదులు, పంట రాబడి

శరీరం శక్తిని మూడు దారుల్లో తెచ్చుకుంటుంది. రైతు ఇంటి జమాఖర్చుతో పోల్చితే ఇది తేలికగా అర్థమవుతుంది.

మొదటిది జేబులో చిల్లర. ఏటీపీ, ఫాస్ఫోక్రియాటిన్‌ల నిల్వ అటువంటిది. కావాలనగానే చేతికి వస్తుంది. పది సెకన్లలో అయిపోతుంది.

రెండవది చేబదులు. కండరాలలో గ్లైకోజెన్ రూపంలో దాచిన పిండిపదార్థాన్ని ప్రాణవాయువు కోసం ఎదురు చూడకుండా విరిచి శక్తి తీయడం ఈ పద్ధతి. పది సెకన్లు దాటి ఒకటి రెండు నిమిషాల వరకు సాగే తీవ్రమైన పరుగులో ఇదే పైచేయి. చేబదులుకు వడ్డీ వున్నట్టే దీనికీ వుంది. కండరాలలో ఆమ్లత్వం పెరుగుతుంది. తొడలు మండుతాయి, కాళ్లు బరువెక్కుతాయి, రొప్పు వస్తుంది.

మూడవది పంట రాబడి. ఊపిరితిత్తులు, గుండె కలిసి తెచ్చే ప్రాణవాయువుతో నిదానంగా శక్తి తయారు కావడం ఇది. ఆలస్యంగా వస్తుంది గానీ తరగదు. పైగా జేబు మళ్లీ నిండేదీ, చేబదులు తీరేదీ ఈ రాబడితోనే. ఫాస్ఫోక్రియాటిన్ పూర్తిగా ఖర్చయ్యాక సుమారు అర నిమిషంలో సగం వరకు తిరిగి నిండుతుంది. పూర్తిగా నిండడానికి 3 నుంచి 5 నిమిషాలు పడుతుంది. ఆ నిండడానికి ప్రాణవాయువు కావాలి.

మొదటి రెండింటినీ ప్రాణవాయువు మీద ఆధారపడని శక్తి అంటారు. బాస్కెట్‌బాల్ ఆటగాడికి ఆ రెండు ఖాతాలూ పెద్దవి కావాలి. మూడవది వాటిని త్వరగా నింపగలగాలి. నాలుగో క్వార్టరులో చేతులెత్తేసే కుర్రాడి జేబు ఖాళీ అయి మళ్లీ నిండే లోపలే ఇంకో పరుగు వచ్చి పడుతోందన్నమాట.

లాక్టిక్ ఆమ్లం గురించి ఒక అపోహ కూడా ప్రచారంలో వుంది. సాధన చేసిన మర్నాడు కాళ్లు పట్టేయడానికి అదే కారణమని చెబుతూ వుంటారు. అది నిజం కాదు. పరుగు ఆగిన గంటసేపట్లో అది రక్తంలోంచి చాలావరకు తొలగిపోతుంది. గుండె, తక్కిన కండరాలు దానిని ఇంధనంగా కూడా వాడుకుంటాయి. మర్నాటి నొప్పికి కారణం అలవాటు లేని శ్రమతో కండరపు పోగులకు తగిలే చిన్న చిన్న దెబ్బలు.

పది రౌండ్లతో వచ్చేదెంత?

మైదానం చుట్టూ నిదానంగా పరుగెత్తడం పనికిరానిదని కాదు. మూడవ ఖాతాకు అది పునాది. సాధన మొదలు పెట్టిన మొదటి వారాల్లో అది అవసరం కూడా. కాని ఏడాది పొడవునా అదొక్కటే చేయిస్తే శరీరం నిదానంగా పరుగెత్తడమే నేర్చుకుంటుంది. ఉరుకు, మలుపు, ఎగురు రావు. రోజూ పది రౌండ్లు తిరిగి అలసిన కాళ్లతో ఆ తరువాత చేసే బంతి సాధన కూడా మందగిస్తుంది.

అసలు నష్టం మరొకటి వుంది. ఆలస్యంగా వచ్చినవాడికి, బంతి జారవిడిచినవాడికి రౌండ్లు శిక్షగా వేసే ఆచారం చాలాచోట్ల పాతుకుపోయింది. వాంతి అయ్యేదాకా పరుగెత్తిస్తేనే సాధన అనుకునేవారూ లేకపోలేదు. వాంతి కావడం సాధన బాగా జరిగిందనడానికి గుర్తు కాదు, మోతాదు మించిందనడానికి గుర్తు. పరుగును శిక్షగా ఎరిగిన పిల్లవాడు ఎదిగాక పరుగును ప్రేమించడు.

ఎనిమిది వారాల సాధన

సెలక్షన్లకు రెండు నెలల ముందు మొదలు పెట్టదగిన పద్ధతి ఒకటి ఇక్కడ ఇవ్వబడుతోంది. దీనికి యంత్రాలు అక్కరలేదు. కోర్టు గీతలు, ఒక ఈల, గడియారం చాలు. సెకన్లు చూసే గడియారం ఈనాడు ప్రతి సెల్‌ఫోన్‌లోనూ వుంది. వారానికి 3 రోజులు చాలు. ఒక రోజుకూ మరో రోజుకూ నడుమ కనీసం ఒక రోజు విరామం తప్పనిసరి. పదమూడేళ్లు నిండి, ఆరోగ్యంగా వుండి, ఇప్పటికే ఆట ఆడుతున్న పిల్లలకు ఇది వర్తిస్తుంది.

ఏ రోజైనా ముందు 10 నిమిషాలు ఒళ్లు వేడెక్కించాలి. నెమ్మది పరుగు, మోకాళ్లు పైకెత్తి పరుగు, మడమలు వెనక్కి తన్నుతూ పరుగు, పక్కకు జరిగే అడుగులు, ముందుకు పెద్ద అంగ వేసి కూర్చుని లేవడం, చివర రెండు మూడు ఓ మోస్తరు పరుగులు. ఇవి అయ్యాకే అసలు సాధన.

మొదటి 2 వారాలు పునాది. పక్కవాడితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా 15 నుంచి 20 నిమిషాల పరుగు. పిమ్మట 10 చొప్పున మూడు విడతలు బస్కీలు, చేతనైనన్ని దండాలు, 30 సెకన్ల చొప్పున ఆరుసార్లు తాడాట. ముప్పావు వేగంతో 20 మీటర్ల పరుగు ఆరుసార్లు.

3వ వారం నుంచి 5వ వారం వరకు పొట్టి పరుగులు. పూర్తి వేగంతో 10 మీటర్లు ఐదుసార్లు. ప్రతి పరుగుకూ నడుమ అర నిమిషం విరామం. 3 నిమిషాలు ఆగి 20 మీటర్లు ఐదుసార్లు, నడుమ ముప్పావు నిమిషం నుంచి నిమిషం విరామం. ఇక్కడే చాలామంది పొరబడతారు. 3 సెకన్ల పరుగుకు నిమిషం విశ్రాంతా అని విసుక్కుంటారు. జేబు నిండనివ్వకుండా పరుగెత్తిస్తే అది వేగం నేర్పే సాధన కాదు, అలసట నేర్పే సాధన అవుతుంది. ఈ పరుగులు బంతి సాధనకు ముందే, కాళ్లు తాజాగా వున్నప్పుడే చేయించాలి.

6వ వారం నుంచి 8వ వారం వరకు ఆటను పోలిన పరుగులు. ఇందులో పేరుపొందినది గీతల పరుగు. కోర్టు చివరి గీత వద్ద మొదలై దగ్గరి ఫ్రీత్రో గీతను తాకి వెనక్కి రావాలి. ఆపైన సగం గీత, తరువాత అవతలి ఫ్రీత్రో గీత, చివరకు అవతలి చివరి గీత. ప్రతిసారీ తాకి వెనక్కి. ఆ నాలుగు దూరాలు 5.8, 14, 22.2, 28 మీటర్లు. రానుపోను మొత్తం 140 మీటర్లు. తర్ఫీదు పొందిన యువకులకు ఇది అర నిమిషం ప్రాంతంలో పూర్తవుతుంది. ఒకసారి అయ్యాక 2 నిమిషాలు నడుస్తూ విరామం. 6వ వారంలో నాలుగుసార్లు, 7వ వారంలో ఐదుసార్లకు మించి వద్దు. ఇది చేబదులు ఖాతాకు సాధన కాబట్టి బంతి సాధన ముగిశాక చేయించాలి.

ఆ వారంలోనే మరో రోజు కోర్టు పొడవునా 28 మీటర్ల పరుగు ఆరుసార్లు. ప్రతి 25 సెకన్లకు ఒకసారి ఈల వేయాలి. పరుగుకు పోను మిగిలిన సమయమే విరామం. ఆరు అయ్యాక 4 నిమిషాలు ఆగి మరో ఆరు. మూడో రోజు బంతితోనే సాధన. ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపుగా విడిపోయి కోర్టు పొడవునా ఆడడం, ఉరుకు కాగానే రెండు ఫ్రీత్రోలు వేయడం వంటివి. రొప్పుతూ వున్నప్పుడు రింగులో వేయడం అలవాటైనవాడే చివరి నిమిషంలో జట్టును గట్టెక్కిస్తాడు.

పోటీలకు ముందటి చివరి వారంలో పరుగుల సంఖ్య సగానికి తగ్గించాలి. వేగం తగ్గించరాదు. కోతకు ముందు కొడవలి పదును పెడతారు గానీ అరగదీయరు గదా.

కోర్టు లేని వూళ్లలో కూడా ఇది ఆగనక్కరలేదు. డెల్టాలో కొండలు లేవు గాని కాలువ గట్లకు కొదవ లేదు. గట్టి గట్టు ఏటవాలు మీద 5, 6 సెకన్లు పైకి ఉరికి, నడుస్తూ దిగి రావడం కాళ్లకు మంచి బలమిచ్చే సాధన. ముందుగా ఎండ్రకాయల బొరియలు, గాజు పెంకులు లేకుండా చూసుకోవాలి.

పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఈ గీతల పరుగులు అవసరం లేదు. ఆ వయసులో చేబదులు ఖాతా సహజంగానే చిన్నది. వారికి ఖోఖో, కోతికొమ్మచ్చి, అంటుడాటలే సరైన తర్ఫీదు.

ఆగడం కూడా నేర్వాలి

ఉరకడం నేర్పినంతగా ఆగడం నేర్పరు. బాస్కెట్‌బాల్‌లో మోకాలి దెబ్బలు ఒకరు తగిలి పడినప్పుడే కాదు, తనంతట తాను ఎగిరి దిగినప్పుడూ, గబుక్కున ఆగి తిరిగినప్పుడూ తగులుతాయి. మోకాలి లోపలి కట్టు తెగితే నెలల తరబడి ఆటకు దూరం కావలసిందే. ఈ దెబ్బ మగపిల్లల కంటే ఆడపిల్లల్లో ఎక్కువ.

నివారణకు ఖర్చు లేదు. ఎగిరి దిగేటప్పుడు మోకాళ్లు వంచి, రెండూ లోపలికి వాలకుండా పాదాల మీదుగా వుంచి, చప్పుడు కాకుండా దిగడం అలవాటు చేయాలి. చప్పుడు ఎంత తక్కువైతే దిగడం అంత బాగున్నట్టు. ఆగేటప్పుడు ఒకే పెద్ద అడుగు కాక రెండు మూడు చిన్న అడుగులు వేయాలి. రోజూ 5 నిమిషాలు దీనికి కేటాయించాలి. సిమెంటు కోర్టు మీద ఒట్టి కాళ్లతో గాని, చెప్పులతో గాని ఉరకరాదు.

లెక్క రాసుకుంటే తెలుస్తుంది

ఎవరికి ఎంత దమ్ము పెరిగిందీ కంటితో చూసి చెప్పడం కష్టం. 28 మీటర్ల ఆరు పరుగుల సమయాలు పుస్తకంలో రాసుకుంటే అదే చెబుతుంది. ఉదాహరణకు ఒక కుర్రాడి మంచి పరుగు 4.6 సెకన్లు అనుకుందాం. ఆరింటినీ అదే వేగంతో పరుగెత్తితే 27.6 సెకన్లు కావాలి. నిజానికి మొత్తం 29.4 వచ్చిందంటే 1.8 సెకన్లు, అనగా సుమారు ఆరున్నర శాతం జారిపోయాడన్నమాట. నెల తరువాత మంచి పరుగు తగ్గకుండా ఈ శాతం తగ్గితే సాధన ఫలించినట్టు. మంచి పరుగే మందగిస్తే విశ్రాంతి చాలడం లేదని గ్రహించాలి. పక్కవాడితో కాక నిన్నటి తనతో పోటీ పడడం ఇందులోని మేలు.

ఆడపిల్లల రొప్పు సోమరితనం కాదు

మూడవ ఖాతా నిండాలంటే ప్రాణవాయువు కావాలన్నది పైన చెప్పబడింది. దానిని మోసేది రక్తంలోని హిమోగ్లోబిన్. 2019-21 సంవత్సరాల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల లోపు స్త్రీలలో 57 శాతం మంది రక్తహీనతతో వున్నారు. అంటే సగం మందికి పైనే. అందరితో సమానంగా సాధన చేస్తున్నా రెండో పరుగుకే రొప్పుతూ కూర్చుండిపోయే బాలికను "బద్ధకం" అని మందలించేముందు రక్తపరీక్ష చేయించడం ధర్మం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ పరీక్ష వుంది. పన్నెండేళ్లు దాటిన బాలికలకు 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత కిందే లెక్క. ఆ స్థితిలో పరుగులు పెంచితే ఫలితం వుండదు. రక్తం పెంచితే పరుగు తానే వస్తుంది.

ప్రభుత్వ పాఠశాలల్లో వారానికొకసారి ఇచ్చే ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రను పిల్లలు పారవేయకుండా మింగేలా చూడాలి. ఖాళీ కడుపున మింగితే వికారం కలగవచ్చు గనుక భోజనం తరువాత ఇవ్వాలి. తోటకూర, మునగాకు, నువ్వులు, చేపలు, మాంసం తినడం, వెంట నిమ్మ, జామ, ఉసిరి వంటివి తీసుకోవడం మంచిది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఇనుము ఒంటబట్టదు.

ఇక్కడ మళ్లీ సుబ్బారావు గారిని తలచుకోవలసి వుంది. తోడబుట్టిన ఇద్దరిని స్ప్రూ వ్యాధి బలిగొనడం ఆయనను వైద్య పరిశోధన వైపు తిప్పిందని చెబుతారు. 1940లో లెడర్లీ సంస్థలో చేరిన ఆయన ఆధ్వర్యాన శాస్త్రజ్ఞుల బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. పరుగుకు ఇంధనమూ, ఆ ఇంధనాన్ని నింపే రక్తానికి మందూ – రెంటి వెనుకా భీమవరం బిడ్డ చేయి వుందన్నది గర్వించదగిన విషయం.

ఎండ, ఉక్క – ప్రాణాల మీదకు రావచ్చు

సముద్రానికి దగ్గరైన ఈ ప్రాంతంలో ఎండకు ఉక్క తోడవుతుంది. గాలిలో తేమ ఎక్కువైనప్పుడు చెమట ఆరదు. చెమట ఆరనిదే ఒళ్లు చల్లబడదు. అందుచేత మార్చి నుంచి జూన్ దాకా ఉదయం ఏడున్నర లోపు, సాయంత్రం ఐదు దాటాక మాత్రమే పరుగులు పెట్టించాలి. కొత్తగా ఎండలో సాధన మొదలు పెట్టినవారికి శరీరం అలవాటు పడడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఆ రోజుల్లో మోతాదు సగంతో మొదలు పెట్టి పెంచుకుంటూ పోవాలి.

సాధన మధ్యలో నీళ్లు తాగరాదనేది పాత కాలపు అపోహ. పావుగంటకొకసారి కొన్ని గుక్కలు తాగనివ్వాలి. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ మంచిది. విరేచనాలతో గాని, జ్వరంతో గాని వున్న పిల్లలను పరుగుకు దించరాదు.

పరుగెత్తుతున్నవాడు తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, స్పృహ తప్పినా వడదెబ్బగా అనుమానించాలి. క్షణం ఆలస్యం చేయక నీడకు చేర్చి, ఒళ్లంతా చల్లని నీళ్లు పోస్తూ, విసురుతూ 108కు కబురు చేయాలి. స్పృహ లేనివానికి నోట్లో నీళ్లు పోయరాదు. పరుగులో ఎప్పుడైనా కళ్లు తిరిగి పడినవారు, గుండెల్లో నొప్పి అన్నవారు, కుటుంబంలో చిన్న వయసులో హఠాత్తుగా మరణించినవారు వున్న పిల్లలు డాక్టరుకు చూపించుకున్నాకే సాధనలో చేరాలి.

తిండి వున్నచోట డబ్బాలెందుకు?

చేబదులు ఖాతాకు మూలధనం పిండిపదార్థమే. అన్నం, జొన్నరొట్టె, రాగిజావ, అరటిపండు – ఏదైనా సరే సాధనకు రెండు మూడు గంటల ముందు తినాలి. పిమ్మట గంటలోపు మళ్లీ ఏదైనా తినాలి. గుడ్డు, పప్పు, వేరుసెనగలు, పాలు, కొల్లేటి చేప – వీటితో కండరం బాగుపడుతుంది. పరగడుపున పరుగుకు వచ్చే పిల్లవాడు మొదటి పది సెకన్లు ఉరకగలడు గాని ఆపైన చేతులెత్తేస్తాడు.

పట్టణాల్లోని వ్యాయామశాలల్లో క్రియాటిన్ పొడి డబ్బాలు అమ్ముడవుతున్న సంగతి తెలిసిందే. సుబ్బారావు గారు కనుగొన్న ఫాస్ఫోక్రియాటిన్ దీనినుంచే తయారవుతుంది. కాని ఆరోగ్యవంతుని శరీరం దీనిని తానే తయారు చేసుకుంటుంది, చేపల నుంచి మాంసం నుంచి కూడా లభిస్తుంది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు డాక్టరు సలహా లేకుండా ఇటువంటి పొడుల జోలికి పోకపోవడం శ్రేయస్కరం. ఆ డబ్బుతో ఒక జత మంచి బూట్లు కొంటే మోకాళ్లు నిలుస్తాయి.

వూరు చేయవలసింది

కుర్రాళ్ల దమ్ము కుర్రాళ్ల చేతిలోనే లేదు. కోతల వేళ హైస్కూలు కోర్టు మీద ధాన్యం ఆరబోస్తే ఆ నెలంతా సాధన ఆగిపోతుంది. కళ్లానికి వేరే చోటు చూపి కోర్టును పిల్లలకు వదలడం పంచాయతీల బాధ్యత. గీతలు చెరిగిన కోర్టుకు సున్నమో రంగో వేయించడం, రింగు వంగితే సరిచేయించడం, ఒక కుండెడు మంచినీళ్లు ఏర్పాటు చేయడం పెద్ద ఖర్చు కాదు. పూర్వ విద్యార్థులు తలచుకుంటే సంక్రాంతి సెలవుల్లో ఒక్క రోజు పని.

వ్యాయామోపాధ్యాయులు రేపటి నుంచే ఒక మార్పు చేయవచ్చు. పది రౌండ్ల స్థానంలో పది ఉరుకులు పెట్టించి, ప్రతి ఉరుకు నడుమ నిమిషం విశ్రాంతి ఇవ్వాలి. ఆ నిమిషంలో పిల్లలు ఊరికే నిలబడ్డారని చూసేవారు అనుకుంటే అనుకోనివ్వాలి. తరువాతి ఉరుకుకు కండరం తన జేబు నింపుకునేది ఆ నిమిషంలోనే.